35 వేలలో మొదటి కెమెరా: కొత్తదా, సెకండ్‌హ్యాండా? కోనసీమ తేమ సంగతి కూడా చెప్పండి

ముక్తేశ్వరం రేవు (ప్రశ్న)

అందరికీ నమస్కారమండి. ఇంతవరకు ఫోన్‌తో తప్ప దేనితోనూ ఫొటోలు తియ్యలేదు. ఇప్పుడో కెమెరా కొందామని. చేతిలో ఉన్నది 35 వేలు. కార్డు, సంచి, బ్యాటరీ అన్నీ అందులోనే అయిపోవాలి. రూపాయి దాటినా ఇంట్లో ఊరుకోరు.

తియ్యాలనుకునేవి ఇవండి: బారసాలలు, పుట్టినరోజులు, వ్రతాలు (అన్నీ ఇంట్లోనే, ట్యూబులైటు కింద). కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం. గోదావరి మీద పొద్దుపొడుపు, కాలవగట్లు, కొబ్బరితోటలు. కుదిరితే కోరంగి మడ అడవుల్లో పిట్టలు.

షాపులో కెనాన్ 1500డి కొత్తది చూపించారు. బడ్జెట్‌కి కొంచెం పైన ఉంది. సెకండ్‌హ్యాండ్‌లో నికాన్‌లు బోలెడు కనిపిస్తున్నాయి. ఇంకో షాపాయన పెద్ద జూమ్ కెమెరా తీసుకోండి, లెన్సులు మార్చే గొడవ ఉండదు అంటున్నాడు. ఎవరిని అడిగినా ముందు మెగాపిక్సెల్స్ చెబుతున్నారు. పైగా మన వైపు గాలికి లెన్సులో బూజు పట్టేస్తుందని భయపెడుతున్నారు. ఏది నమ్మాలో తెలియట్లేదు, కాస్త విడమరిచి చెప్పండి.

---

గౌతమి గట్టు

ముందు మెగాపిక్సెల్స్ సంగతి తీసి పక్కన పెట్టండి. ఈ ధరలో దొరికే డీఎస్ఎల్ఆర్‌లు (లోపల అద్దం ఉండి, లెన్సులు మార్చుకునే కెమెరాలు) చాలామటుకు 24 మెగాపిక్సెల్సే. అంటే 6000 × 4000 చుక్కలు. అంగుళానికి 300 చుక్కల లెక్కన 12 × 18 సైజు ప్రింటుకి 5400 × 3600 చాలు. ఆల్బమ్‌లో పేజీ నిండా వేసుకున్నా ఇంకా మిగులుతుందండి.

అసలు విషయం వెలుతురు. ట్యూబులైటు కింద బారసాల అంటే కెమెరాకి చీకటి కిందే లెక్క. కెమెరాతో పాటే వచ్చే 18–55 ఎంఎం కిట్ లెన్సుని 55 దగ్గర పెడితే దాని నోరు ఎఫ్5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే నోరు అంత పెద్దది). అదే ఎఫ్1.8 లెన్సయితే దాదాపు పదిరెట్ల వెలుతురు లోపలికి తీసుకుంటుంది. కిట్ లెన్సుతో ఐఎస్ఓ (వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలన్న అంకె) 6400 పెట్టాల్సిన చోట ఎఫ్1.8తో 640 సరిపోతుంది. 6400లో పిల్లల మొహం మీద ఇసక చల్లినట్టు ఉంటుంది, 640లో నున్నగా వస్తుంది. ఈ తేడా బాడీ (లెన్సు కాకుండా కెమెరా) మార్చితే రాదు. 60 వేల బాడీకి అదే కిట్ లెన్సు తగిలించినా ఇసక ఇసకే.

అందుకని నేనైతే 35 వేలూ పట్టుకెళ్ళి కొత్త బాడీలో పొయ్యమని చెప్పను. ఇలా విడగొట్టండి:

సెకండ్‌హ్యాండ్ బాడీ, 18–55 కలిపి 20 నుంచి 22 వేలు. అంతకు మించనివ్వకండి.
ఎఫ్1.8 లెన్సు ఒకటి, 7 నుంచి 9 వేలు. సెకండ్‌హ్యాండే.
64 జీబీ కార్డు, రెండో బ్యాటరీ, గాలి దూరని డబ్బా, బ్లోయరు కలిపి 3 వేల చిల్లర.

పిట్టల లెన్సు ఇప్పుడు వద్దు. దాని కోసం మిగతావాటిలో కోత పెడితే నాలుగు పనుల్లో ఒక్కటీ సవ్యంగా కాదు.

ఎఫ్1.8లో 35 ఎంఎమా, 50 ఎంఎమా అన్నది మీ హాలు చూసి తేల్చుకోవాలి. ఈ బాడీల సెన్సార్ (లోపల బొమ్మ పడే పలక) చిన్నది కాబట్టి పది అడుగుల దూరం నుంచి 50తో అడ్డంగా తీస్తే అయిదడుగుల వెడల్పు కూడా పట్టదు. పీటల మీద కూర్చున్న దంపతులు పడతారు, పక్కన పంతులుగారు తెగిపోతారు. అదే దూరంలో 35 అయితే ఆరున్నర అడుగుల పైన పడుతుంది. మన ఇళ్ళలో పది అడుగులు వెనక్కి జరిగే చోటు ఎక్కడుందండీ, గోడే అడ్డం. కాబట్టి 35. దీనికి నికాన్‌లో 35 ఎంఎం ఎఫ్1.8జి డీఎక్స్ అని చవకైన మంచి లెన్సు ఉంది. కెనాన్‌లో ఈ ధరకి 50 ఎంఎం ఎఫ్1.8 ఎస్‌టీఎం ఉంది గానీ దానికి సరిసమానమైన 35 లేదు. 24 ఎంఎం పాన్‌కేక్ (పల్చటి లెన్సు) ఉంది, అది ఎఫ్2.8. ఈ ఒక్క కారణానికే నేను మిమ్మల్ని నికాన్ వైపు తోస్తాను.

---

లాకుల దగ్గర

గౌతమి గట్టు గారి లెక్కతో ఏకీభవిస్తున్నా. బాడీల గురించి మాత్రం కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే షాపుల్లో చెప్పని తిరకాసులు ఇక్కడే ఉన్నాయి.

కెనాన్ 1500డి: ఫొటో నాణ్యత బాగానే ఉంటుంది. ఫోకస్ పాయింట్లు 9, వాటిలో నడి పాయింటు ఒక్కటే గట్టిది. బయటి మైకు పెట్టుకునే రంధ్రం లేదు. ఇంకోటి చాలామందికి తెలియదు: దీని నెత్తిన ఫ్లాష్ పెట్టే చోట మధ్య పిన్ను తీసేశారు. కాబట్టి బజార్లో రెండు మూడు వేలకి దొరికే ఒంటి పిన్ను మాన్యువల్ ఫ్లాష్ పెడితే వెలగదు. ఫ్లాష్ పాడైందనుకుని దుకాణం చుట్టూ తిరుగుతారు. 200డి మార్క్ 2లో కూడా ఇదే కథ.

కెనాన్ 3000డి: వద్దు. లెన్సు తగిలించే రింగు ప్లాస్టిక్. కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్‌ని కంటికి తగ్గట్టు సరిచేసుకునే చక్రం కూడా లేదు, కళ్ళజోడు వాళ్ళకి నరకం.

నికాన్ డి3500: తేలిక, బ్యాటరీ ఏనుగులా నిలబడుతుంది. ఒక్క ఛార్జికి 1550 ఫొటోలని కంపెనీ లెక్క. కాకపోతే ఖర్చు తగ్గించడానికి సెన్సార్ మీద దుమ్ము దులిపే ఏర్పాటు తీసేశారు, మైకు రంధ్రం లేదు, తీగ రిమోట్ పెట్టే చోటూ లేదు. ఫోకస్ పాయింట్లు 11.

నికాన్ డి5300, డి5600: మీకు చెప్పేది ఈ రెండే. పాయింట్లు 39, తెర బయటికి తిరుగుతుంది, మైకు రంధ్రం ఉంది, దుమ్ము దులుపుకుంటుంది. డి5300 పాతది (2013), డి5600 కొంత కొత్తది (2016), దానికి టచ్ తెర. ఫొటో పక్కపక్కన పెడితే ఏది దేనిదో చెప్పలేరు. ధరలో నాలుగైదు వేలు తేడా ఉంటే డి5300 తీసుకుని ఆ డబ్బు 35 ఎంఎంలో పెట్టండి.

ప్రభల తీర్థంలో తిరిగే తెర ఎందుకు పనికొస్తుందో అక్కడికి వెళ్ళినవాళ్ళకి తెలుస్తుంది. ముందు వరసలో జనం, వెనక మీరు. చేతులు పైకెత్తి, తెర కిందికి వంచి తియ్యాలి. వ్యూఫైండర్‌లోంచి చూస్తే తలకాయలే పడతాయి.

డీఎస్ఎల్ఆర్‌లు పాతబడిపోయాయి, మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త రకం) తీసుకోమని ఎవరైనా అంటారు. మాట నిజమే. అందరూ అటు పోతున్నారు కాబట్టే ఇటు సరుకు చవగ్గా దొరుకుతోంది. మీ బడ్జెట్‌కి అదే మేలు.

---

పూతరేకు

పెద్ద జూమ్ కెమెరా సంగతి ఎవరూ తీయలేదు, నేను చెబుతా.

వాటి సెన్సార్ 6.2 × 4.6 మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. డీఎస్ఎల్ఆర్ సెన్సార్ విస్తీర్ణంలో దానికి పన్నెండు రెట్లు పైనే. ఎండలో, కదలకుండా కూర్చున్న పిట్టకి జూమ్ కెమెరా బ్రహ్మాండం. ఆటపాకలో చెట్ల మీద గూడబాతులు కూర్చుంటాయి చూడండి, అలాంటివాటికి. అదే కోరంగిలో చెక్కబాట మీద మడచెట్ల నీడలోకి వెళ్ళారా, ఐఎస్ఓ 1600 దాటగానే ఈక ఈకా కలిసిపోయి పిట్ట మైనపుబొమ్మలా వస్తుంది. బారసాల అసలే తియ్యలేరు.

పిట్టలే ముఖ్యం అనుకుంటే చెప్పండి, వేరే మాట్లాడుకుందాం. నాలుగింట్లో ఒకటి అయితే జూమ్ కెమెరా వద్దు.

---

ముక్తేశ్వరం రేవు

ఆయ్, చాలా సంతోషమండి. పిట్టలు నాలుగో పనే. రాజమండ్రిలో ఒకాయన దగ్గర డి5300, 18–55తో అమ్మకానికి ఉంది. ఆదివారం చూడ్డానికి వెళ్తున్నా. ఏం చూడాలి? షట్టర్ కౌంట్ (ఇంతవరకు ఎన్ని ఫొటోలు తీసిందన్న లెక్క) అడగమని మావాడు చెప్పాడు.

---

యానాం గాలి

పగలు వెళ్ళండి. ఫోన్ టార్చి, తెల్లకాగితం ఒకటి, దినపత్రిక ఒకటి, మీ సొంత మెమరీ కార్డు పట్టుకెళ్ళండి. అరగంట ఇవ్వనంటే బేరం వదిలెయ్యండి.

మొదట లెన్సు. దాన్ని బాడీ నుంచి విప్పండి. ఇక్కడో కిటుకుంది: నికాన్ లెన్సు విప్పగానే లోపలి రేకులు ముడుచుకుపోతాయి, సూదిబెజ్జమంత కన్నం కనిపిస్తుంది. అలాగే టార్చి వేసి చూసి బాగుందనుకుంటే మోసపోతారు. లెన్సు వెనక రింగు పక్కన చిన్న మీట ఒకటి ఉంటుంది. దాన్ని గోటితో మెల్లిగా పక్కకి నెడితే రేకులు పూర్తిగా తెరుచుకుంటాయి. అలా పట్టుకునే ఉండి, వెనకనుంచి టార్చి ఏటవాలుగా వేసి, ముందునుంచి చూడండి. తర్వాత టార్చి ముందునుంచి వేసి, వెనకనుంచి చూడండి.

చుక్కల్లా అక్కడక్కడ కనిపించేది దుమ్ము. దానివల్ల ఫొటోకి ఏమీ కాదు, పట్టించుకోకండి. అంచునుంచి మధ్యకి సాలెగూడులా, మర్రి ఊడల్లా పాకినట్టు ఉంటే అది బూజు. పాలు కలిపినట్టు తెల్లగా అద్దం మొత్తం మసకగా ఉంటే అది లోపలి నూనె ఆవిరి పట్టింది. రెండోదీ మూడోదీ ఉంటే ఆ లెన్సు ఉచితంగా ఇచ్చినా వద్దు. 18–55ని విప్పి కడిగించే ఖర్చుతో ఇంకో 18–55 వస్తుంది. బూజు ముదిరితే అద్దం మీది పూతని తినేస్తుంది, కడిగినా మచ్చ పోదు.

రెండోది తుప్పు, చిలుము. ఇది మన సముద్రపు ఒడ్డు ఊళ్ళ ప్రత్యేకం. బ్యాటరీ మూత తెరిచి లోపలి రాగిరేకులు చూడండి, పచ్చగా చిలుము ఉందా అని. ఫ్లాష్ పెట్టే చోట పట్టాలు, అడుగున ట్రైపాడ్ మర, బాడీకి ఉన్న చిన్న చిన్న మరలు చూడండి. తుప్పు కనిపిస్తే ఉప్పుగాలి తిన్నట్టో, నీళ్ళలో పడినట్టో. మరల తలలు అరిగిపోయి ఉంటే ఎవరో విప్పారు. కార్డు మూత తెరిచి ముక్కు దగ్గర పెట్టుకోండి, ముక్కిన వాసన వస్తే వరదనీళ్ళు చూసిన సరుకు.

మూడోది సెన్సార్. చక్రం మీద 'A' అని ఉన్న మోడ్‌లో ఐఎస్ఓ 100, ఎఫ్22 పెట్టి, ఫోకస్ కావాలని చెడగొట్టి, తెల్లకాగితం ఫొటో తియ్యండి. చెయ్యి కదిలినా ఫరవాలేదు. పెద్దది చేసి మూలమూలా చూడండి. మసక చుక్కలు దుమ్ము, శుభ్రం చేయించుకోవచ్చు. గీతలా స్పష్టంగా ఉంటే గీటు, వద్దు. తర్వాత లెన్సు మూత పెట్టి, మాన్యువల్‌లో 10 సెకన్లు తియ్యండి. రంగు చుక్కలు రెండు మూడు ఉండటం మామూలే, గుప్పెడు చల్లినట్టుంటే కాదు.

నాలుగోది ఫోకస్. ఇది జనం వదిలేస్తారు. దినపత్రికని బల్ల మీద పరిచి, 45 డిగ్రీల వాలులోంచి, లెన్సు పూర్తిగా తెరిచి, మధ్య పాయింటుతో ఒక హెడ్డింగు మీద ఫోకస్ చేసి తియ్యండి. ముందు వ్యూఫైండర్‌తో, తర్వాత లైవ్ వ్యూతో (అంటే వెనక తెర మీద చూస్తూ). లైవ్ వ్యూలో సెన్సారే చూసి ఫోకస్ చేస్తుంది కాబట్టి అది నమ్మదగ్గది. వ్యూఫైండర్‌తో తీసినదాంట్లో పదునైన వరస హెడ్డింగుకి కిందో పైనో పడితే ఫోకస్ తప్పుతోందన్నమాట. పెద్ద బాడీల్లో దాన్ని సరిచేసుకునే సెట్టింగు ఉంటుంది, డి5300లో లేదు. కిట్ లెన్సుతో ఈ తేడా అంతగా బయటపడదు, ఎఫ్1.8 పెట్టిననాడు ఏడిపిస్తుంది. అమ్మేవాళ్ళ దగ్గర 35 ఎంఎం ఉంటే దాంతోనే చూడండి.

తెరని అన్ని వైపులా తిప్పండి. ఏదో ఒక కోణంలో ఆరి వెలుగుతుంటే లోపలి పట్టీ తెగుతోంది.

బిల్లు, పెట్టె మీద నంబరు, బాడీ మీద నంబరు మూడూ ఒకటేనా చూడండి. బిల్లు లేదంటే చవగ్గా ఇస్తున్నాడు అనుకోవద్దు, ఎక్కడిదో అనుకోండి.

షట్టర్ కౌంట్ విషయానికొస్తే, నికాన్‌లో ప్రతి ఫొటోలోపలా ఆ అంకె రాసి ఉంటుంది. అక్కడే ఒక జేపెగ్ తీసి, మీ కార్డులోంచి చూసుకోండి. ముందుగా పంపమంటే వాట్సాప్‌లో మామూలు ఫొటోలా పంపితే ఆ వివరాలు చెరిగిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపమనాలి. ఈ బాడీల షట్టర్‌ని లక్ష సార్లకి పరీక్షించారు. 50 వేలు దాటితే మాత్రం తీసుకోకండి.

---

లాకుల దగ్గర

అన్నీ బాగున్నాయి గానీ ఆఖరి మాటకి ఒప్పుకోనండి. లక్ష అనేది గడువు తేదీ కాదు. వారానికోసారి వాడుతూ 60 వేలు తిరిగిన బాడీ, బీరువాలో నాలుగు వర్షాకాలాలు మూతపెట్టి 4 వేలు తిరిగిన బాడీ రెండూ ఎదురుగా పెడితే మన ప్రాంతంలో నేను 60 వేలదే తీసుకుంటా. వాడే కెమెరాకి గాలీ వెలుతురూ తగులుతాయి. కౌంట్ తక్కువ అని మురిసిపోయి లెన్సులో బూజు ఇంటికి తెచ్చుకునేవాళ్ళే ఎక్కువ.

---

యానాం గాలి

సరే, ఆ మాట నిజమే. 60 వేలయినా మిగతావన్నీ బాగుంటే ధరలో రెండు వేలు తగ్గించి అడగండి.

---

కడియం మొక్క

బూజు గురించి పూర్తిగా రాస్తాను, ఎందుకంటే కొన్నాక మీ డబ్బు నిలబెట్టేది ఇదొక్కటే.

గాలిలో తేమ 60 శాతం దాటి, చీకటిగా, గాలి ఆడకుండా ఉంటే బూజు మొలుస్తుంది. మన డెల్టాలో జూన్ నుంచి నవంబరు దాకా ఇంట్లో తేమ అంతకన్నా పైనే. చుట్టూ కాలవలు, చేపల చెరువులు, వరిచేలు, ఇక ఎక్కడికి పోతుంది. కెమెరా సంచిలో పెట్టి బీరువాలో పెట్టడమంటే బూజుకి పాన్పు వేసినట్టే. తోలు సంచి అయితే మరీను. సంచి మోసుకెళ్ళడానికే గానీ దాచడానికి కాదు.

కావలసినవి: రబ్బరు అంచు ఉండి గట్టిగా మూసుకునే పది లీటర్ల ప్లాస్టిక్ డబ్బా. పావుకిలో సిలికా జెల్, గుడ్డసంచిలో. చిన్న డిజిటల్ తేమ మీటరు. ఇవన్నీ కలిపి వెయ్యి రూపాయలు. కరెంటుతో నడిచే డ్రై క్యాబినెట్ మూడు నాలుగు లెన్సులు అయ్యాక చూసుకోవచ్చు.

మీటరు 40–50 మధ్య ఉండాలి. 30 కన్నా కిందికి పోనివ్వకండి, రబ్బరు ఎండిపోతుంది. చవక మీటర్లు అబద్ధం చెబుతాయి కాబట్టి మొదట పరీక్షించండి. సీసామూతలో చెంచాడు ఉప్పు వేసి, ముద్దలా తడిసేంతవరకే నీళ్ళ చుక్కలు వెయ్యండి, కరిగిపోకూడదు. దాన్నీ మీటరునీ జిప్ కవర్లో వేసి మూసి, రాత్రంతా వదిలెయ్యండి. పొద్దుటికి 75 చూపించాలి. 70 చూపిస్తే మీ మీటరు 5 తక్కువ చెబుతోందని గుర్తుపెట్టుకుంటే చాలు.

సిలికా జెల్‌లో నీలం రంగుది తేమ తాగితే గులాబీ రంగుకి తిరుగుతుంది. నారింజది ఆకుపచ్చకి తిరుగుతుంది. నారింజదే తీసుకోండి, నీలం రంగుకి వాడే కోబాల్ట్ లవణం ఒంటికి మంచిది కాదు. రంగు మారాక 110–120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేస్తే మళ్ళీ పనికొస్తుంది. ఓవెన్ లేకపోతే పాత మూకుడులో సన్నసెగ మీద కలుపుతూ వేయించండి. ఆ మూకుడు మళ్ళీ వంటకి వాడొద్దు. ఎక్కువ సెగపెడితే గింజలు పగిలి పొడి అవుతాయి, ఆ పొడి లెన్సులోకి పోతే ఇంకో తలనొప్పి.

బియ్యం డబ్బాలో పెట్టమని ఎవరో ఒకరు చెబుతారు. వద్దు. బియ్యం తేమని అంతగా పీల్చదు, పైగా తవుడు దుమ్ము జూమ్ రింగులోకి దిగుతుంది. లెన్సు మూత తీసి ఎండలో పెట్టమని ఇంకొకరు చెబుతారు. అదీ వద్దు. అది భూతద్దం, సూర్యుడు సూటిగా పడితే లోపలి రేకులు కరుగుతాయి.

డబ్బా కొన్నామని మర్చిపోకండి. పదిహేను రోజులకోసారి తీసి, జూమ్ అటూ ఇటూ తిప్పి, పది ఫొటోలు తియ్యండి.

ఇంకో రెండు. ఏసీ గదిలోంచి, ఏసీ కారులోంచి నేరుగా బయటికి తీస్తే లెన్సు మంచు పట్టినట్టు మసకబారుతుంది. అప్పుడు తుడవకండి, లెన్సు విప్పకండి. బయటికొచ్చే ముందే జిప్ కవర్లో వేసి, బయట అరగంట ఉంచి తర్వాత తియ్యండి. ఆ నీరు కవరు మీద పడుతుంది, కెమెరా మీద పడదు. అంతర్వేది సముద్రపు ఒడ్డుకి వెళ్ళొచ్చాక మటుకు ముందు బ్లోయరుతో ఊది, తర్వాత మంచినీళ్ళలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో బాడీ తుడవండి. పొడిగుడ్డతో రుద్దితే ఉప్పు పలుకులు గీసేస్తాయి. ఇసకలో లెన్సు మార్చడం సాహసం, ఇంటి దగ్గరే తగిలించుకుని వెళ్ళండి.

---

గౌతమి గట్టు

కెమెరా ఇంటికి వచ్చాక మీ నాలుగు పనులకి మొదటిరోజు పెట్టుకోవాల్సినవి చెప్పేస్తా, తర్వాత మీకే అలవాటవుతుంది.

ట్యూబులైటు కింద: మన కరెంటు 50 హెర్ట్జ్. లైటు సెకనుకి వందసార్లు మినుకుతుంది, కంటికి తెలియదు గానీ కెమెరాకి తెలుస్తుంది. షట్టర్ వేగం 1/250 సెకనులో తీస్తే ఒక ఫొటో పసుపు, ఒకటి నల్లన, ఒకదాంట్లో సగం పట్టీ పడుతుంది. చవక ఎల్ఈడీ బల్బులతో ఇంకా ఎక్కువ. షట్టర్ వేగం మనమే పెట్టుకునే ఎస్ (S) మోడ్‌లో 1/100 దగ్గర కట్టేయండి. పరుగెత్తే పిల్లలకి అది చాలదు, కూర్చున్నవాళ్ళకి చాలు. వీడియో తీస్తే మెనూలో పాల్ (PAL) ఎంచుకుని సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50. బాడీకున్న ఫ్లాష్ నేరుగా మొహం మీద కొట్టకండి, నుదుటి మీద నూనె రాసినట్టు మెరుస్తుంది.

ప్రభల తీర్థం: అది పట్టపగలు. ప్రభ నిలువునా ఎత్తుగా ఉంటుంది కాబట్టి కెమెరాని నిలువుగా తిప్పండి, 18–24 మధ్య జూమ్. ప్రభని కౌశిక కాలవ దాటించేటప్పుడు మోసేవాళ్ళ కాళ్ళ దగ్గర నీళ్ళు చిమ్ముతాయి, అది ఆగినట్టు రావాలంటే 1/1000. ఐఎస్ఓ ఆటోలో వదిలెయ్యండి. ఫైలు రా (RAW) రకంలో తియ్యండి. ప్రభ మీది రంగుబట్టలు ఎండలో వెలుగుతూ మోసేవాళ్ళ మొహాలు నీడలో ఉంటాయి, ఆ నీడని తర్వాత లేపుకోవాలంటే జేపెగ్‌లో సరుకు మిగలదు.

గోదావరి మీద పొద్దుపొడుపు: ఐఎస్ఓ 100, ఎఫ్8. సూర్యుడు గట్టు దాటి రెండు బెత్తలు పైకొచ్చేలోపు అయిపోవాలి, తర్వాత నీళ్ళ మీద పొగలాంటి తెలుపే మిగులుతుంది.

కొంగలు: ఇక్కడే కొత్తవాళ్ళంతా పొరబడతారు. పచ్చటి మడచెట్టు ముందు తెల్లకొంగ ఉంది. కెమెరా మొత్తం చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచేస్తుంది. కొంగ సున్నపుముద్దలా వస్తుంది, ఒక్క ఈక కనిపించదు. ప్లస్–మైనస్ మీట నొక్కి −1 పెట్టండి. అదే కొంగ ఖాళీ ఆకాశం ముందు ఎగురుతుంటే లెక్క తిరగబడుతుంది. ఆకాశం తెలుపు చూసి కెమెరా తగ్గించేస్తుంది, కొంగ కాకి అయిపోతుంది. అప్పుడు +1. ఒక కొంగ లేచి చెట్టు వదిలి ఆకాశంలోకి వెళ్ళే మూడు సెకన్లలో ఈ రెండూ జరుగుతాయి. అందుకే ఎగిరేవాటికి మాన్యువల్ నయం. ముందే ఎండలో ఉన్న ఒక తెల్లకొంగని చూసి కట్టేసుకుంటే, వెనక ఏముందన్నది దానికి అనవసరం. ఎండ మారితే మళ్ళీ కట్టుకోవాలి. ఎగిరేవాటికి 1/1600, ఫోకస్ ఏఎఫ్-సీలో (కదిలేదాన్ని వెంబడించే పద్ధతి), 9 పాయింట్ల గుంపు. కూర్చున్నవాటికి 1/500 చాలు.

55 ఎంఎంతో పిట్ట బఠాణీ గింజంత పడుతుందని ముందే చెబుతున్నా. అయినా వెలుతురు లెక్క నేర్చుకోవడానికి అది చాలు. డబ్బులు సమకూరాక 70–300 ఏఎఫ్-పీ డీఎక్స్ చూడండి. పేరులో వీఆర్ (చేతి వణుకు సర్దే ఏర్పాటు) అన్న అక్షరాలున్నదే తీసుకోండి, లేనిది కూడా అచ్చం అలాగే ఉంటుంది. డి5300లో అది పనిచెయ్యాలంటే ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) కొత్తది వేసి ఉండాలి. మీరు చూడబోయే కిట్ లెన్సు మీద కూడా ఏఎఫ్-పీ అని ఉంటే అదే షరతు.

---

ముక్తేశ్వరం రేవు

ఆదివారం చూసొచ్చానండి. మీట నెట్టి చూశా, లెన్సు శుభ్రంగా ఉంది. చిలుము లేదు. దినపత్రిక పరీక్ష కూడా నెగ్గింది, ఆయన నవ్వుకున్నాడు గానీ చెయ్యనిచ్చాడు. కౌంట్ 31 వేలు. 20 వేల 500కి కుదిరింది. బిల్లు ఉంది.

ఒక్క సందేహం. ఆయన దగ్గరే 50 ఎంఎం ఎఫ్1.8డి అని ఉంది, 4 వేలకి ఇస్తానంటున్నాడు. 35 ఎంఎం జి బయట 8 వేలు చెబుతున్నారు. సగం ధర కదా, 50 గురించి మీరు చెప్పింది సర్దుకుని ఇదే తీసుకోనా?

---

లాకుల దగ్గర

ఆగండి! చివర డి అక్షరం ఉన్న ఆ లెన్సులో మోటారు లేదు. బాడీలో ఉండే మోటారు దాన్ని తిప్పాలి. డి5300 బాడీలో ఆ మోటారు లేదు, డి3500లో లేదు, డి5600లోనూ లేదు. తగిలించుకుంటుంది, ఫొటోలు వస్తాయి, ఫోకస్ మాత్రం ప్రతిసారీ చేత్తో తిప్పాలి. ఎఫ్1.8 దగ్గర పాకే పిల్లాడి కంటి మీద చేత్తో ఫోకస్ కుదరదు. ఏఎఫ్-ఎస్ అని ముందు, జి అని వెనక ఉన్నదే అడగండి. 35 దొరికేదాకా ఆ 8 వేలూ కదపకండి.

---

ముక్తేశ్వరం రేవు

అమ్మయ్య, అడిగి మంచిపని చేశా. డబ్బా, సిలికా జెల్ నారింజది తెచ్చేశా. మీటరు ఉప్పు పరీక్షలో ఉంది, ప్రస్తుతానికి 71 చూపిస్తోంది.

---

కడియం మొక్క

రాత్రంతా ఉండనివ్వండి, ఇంకా ఎక్కుతుంది. పొద్దుట చూసిన అంకె డబ్బా మూత మీద రాసి అంటించండి.